పెరటి నుంచి చెరువు కట్ట దాకా: తిరుపతి పరిసరాల్లో పక్షులను గమనించే పద్ధతి

తిరుపతిలో పక్షులను చూడాలని ముచ్చటపడేవారిలో చాలామంది మొదటి ప్రయాణం సూళ్లూరుపేట వైపున్న నేలపట్టు పక్షుల చెరువుకో పులికాట్ సరస్సుకో పెట్టుకుంటారు. జనవరిలో ఒక ఆదివారం కారు మాట్లాడుకుని వెళ్లి, దూరంగా తెల్లగా కనిపించిన గుంపులను ఫోన్‌లో ఫోటో తీసుకుని, అందులో ఏది గూడబాతో (పెలికాన్) ఏది కొంగో తేల్చుకోలేక సాయంత్రానికి ఇల్లు చేరతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ రోజు కనిపించిన వాటిలో నేను పేరు పెట్టి చెప్పగలిగినవి నాలుగైదుకు మించలేదు. తరువాత రెండేళ్లపాటు ఇంటి పెరడు, ఇంటికి దగ్గరి చెరువు తప్ప మరెక్కడికీ పోకుండా చూసుకుంటూ వచ్చి, మళ్లీ నేలపట్టుకు వెళితే అదే చెరువు వేరే చెరువులా కనిపించింది. అందుకే ఇక్కడ కూడా ముందు పెరడు, తరువాత ఊరి చెరువు, ఆఖరున దూరపు నీళ్లు అనే వరుసలోనే చెబుతున్నాను.

కొలత ముందు, రంగు ఆఖరున

పక్షులను గుర్తుపట్టాలంటే పేర్ల పట్టికతో మొదలుపెట్టకూడదు, నాలుగు కొలతలను కంటికి అలవాటు చేసుకోవాలి. పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు, గోరింక 23, ఊరకాకి 42, గద్ద 60 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. తెలియని పిట్ట కనిపించిన ప్రతిసారీ అది పిచ్చుకంత ఉందా, గోరింకకు కాస్త తక్కువా, కాకి కన్నా పెద్దదా అని పోల్చుకుంటే సగం పని అయిపోతుంది. తరువాత ముక్కు చూడాలి. గింజలు తినేదానికి పొట్టి లావు ముక్కు, పురుగులు ఏరుకునేదానికి సన్నని ముక్కు, తేనె తాగేదానికి వంగిన ముక్కు, మాంసం చీల్చేదానికి కొక్కెం ముక్కు ఉంటాయి కాబట్టి, ముక్కును బట్టి తిండి, తిండిని బట్టి అది తిరిగే చోటు తెలుస్తాయి. ఆ పిట్ట నేల మీద నడుస్తోందా, గెంతుతోందా, కరెంటు తీగ మీద కూర్చుని ఒక్కసారి గాలిలోకి లేచి పురుగును పట్టుకుని మళ్లీ అదే చోటికి వచ్చి వాలుతోందా అన్నది కూడా చూడాలి. రంగును ఆఖరునే లెక్కలోకి తీసుకోవాలి. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది, పైగా ఒకే జాతిలో ఆడదానికీ మగదానికీ, ఒక్కోసారి అదే పిట్టకు రెండు కాలాల్లో, రంగులు మారిపోతాయి.

కోకిలనే చూడండి. మగ కోకిల నిగనిగలాడే నలుపు, కన్ను ఎరుపు. ఆడ కోకిల గోధుమ రంగు ఒంటి మీద తెల్లని చుక్కలతో, తోక మీద చారలతో ఉంటుంది కాబట్టి, దానిని చూసి డేగ అని పొరపడేవారే ఎక్కువ. ఉగాదికి మనం చెవులు రిక్కించి వినే ‘కుహూ’ మగదానిది. ఆడది ‘కిక్‌కిక్‌కిక్’ మని తరుముకొస్తున్నట్టు అరుస్తుంది. వేసవిలో కాకులు ఒక చుక్కల పిట్టను కొమ్మ నుంచి కొమ్మకు వెంటాడుతుంటే, ఆ చుక్కల పిట్ట కాకి గూటిలో గుడ్డు పెట్టడానికి వచ్చిన ఆడ కోకిల అని దాదాపు నమ్మవచ్చు.

పెరటి పిట్టల్లో కొత్తవారికి అన్నిటికన్నా ఎక్కువ పాఠం నేర్పేది తేనెపిట్ట. పిచ్చుక కన్నా చిన్నది, ముక్కు కొనదేలి కొడవలిలా వంగి ఉంటుంది. మన పెరళ్లలో రెండు జాతులు తరచుగా కనిపిస్తాయి. ఒకదానిలో మగపిట్ట గూడు కట్టే కాలంలో ఒళ్లంతా నీలి నలుపుగా మెరుస్తూ, ఆ కాలం దాటాక పసుపు పొట్ట మీద గొంతు నుంచి నిలువుగా ఒక నల్లని గీత మాత్రమే మిగిలి, పూర్తిగా వేరే పిట్టలా మారిపోతుంది. రెండో దానిలో మగపిట్టకు ఏడాది పొడుగునా పసుపు పొట్ట, దాని పైన ముదురు ఎరుపు పట్టీ ఉంటాయి. రెండింటిలోనూ ఆడపిట్టలు పైన బూడిద రంగుతో, కింద లేత పసుపుతో సాదాగా ఉంటాయి.

ఒక ఏడాది మా వరండాలో బట్టలు ఆరేసుకునే తీగ చివర ఈ రెండో జాతి ఆడపిట్ట గూడు కట్టింది. సాలెగూటి పోగులు, ఎండిన బెరడు ముక్కలు, గడ్డి పోచలు, ఎక్కడి నుంచో తెచ్చిన కాగితం తునక ఒకదాని మీద ఒకటి అతుకుతూ పది రోజులు పని చేసింది. చూసేవారికి అది తీగకు చిక్కుకున్న చెత్తలా ఉంటుంది తప్ప గూడులా ఉండదు. పక్కనున్న ద్వారానికి పైన వానచినుకు పడకుండా చిన్న చూరు కూడా దింపింది. మగపిట్ట దగ్గర కొమ్మ మీద కూర్చుని పాడటమే తప్ప ఒక్క పోగు తేలేదు. గుడ్లు పెట్టిందో లేదో తెలుసుకోవాలన్న ఆత్రంతో నేను స్టూలు వేసుకుని ఫోన్‌ను గూటి ద్వారం దగ్గర పెట్టి ఫోటో తీశాను. రెండు గుడ్లు కనిపించాయి. ఆ తరువాత ఆడపిట్ట నలభై నిమిషాలపాటు తిరిగి రాలేదు, ఆ నలభై నిమిషాలూ నేను పడిన బాధ ఇంకా గుర్తుంది. అదృష్టం బాగుండి తిరిగి వచ్చింది, పిల్లలు ఎగిరిపోయాయి. అప్పటి నుంచి గూటికి మూడు మీటర్ల లోపలికి నేను పోను, మీరు కూడా పోవద్దు. గూడు ఉన్న కొమ్మను కత్తిరించడం, ఫోటోకు అడ్డం వస్తోందని ఆకులు తుంచడం అంతకన్నా పెద్ద తప్పులు, ఎందుకంటే కాకి ఆ ఖాళీలోంచే గూటిని కనిపెడుతుంది.

వీటితోపాటు పికిలిపిట్ట, దర్జీపిట్ట, గువ్వలు, పసులపోలిగాడు, జెముడుకాకి, రామచిలుక, లకుముకి, ఎండాకాలం మధ్యాహ్నం సుత్తితో చెంబు మీద కొట్టినట్టు ‘టుక్ టుక్’ మనే కంసాలిపిట్ట, చీకటి పడగానే కొబ్బరి చెట్టు తొర్ర నుంచి తొంగి చూసే పైడికంటె, ఈ పది పన్నెండింటిని కంటితోనూ చెవితోనూ గుర్తుపట్టగలిగితే పెరటి చదువు పూర్తయినట్టే. పైడికంటె చిన్న గుడ్లగూబ. అది ఇంటి మీద వాలితే కీడని భయపడి రాళ్లు వేసే అలవాటు మన వైపు ఇంకా ఉంది. అది తినేది పురుగులనూ చిట్టెలుకలనూ కాబట్టి ఇంటికి దాని వల్ల మేలే తప్ప కీడు లేదు. రామచిలుకను 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పంజరంలో పెంచడం నేరం. జోస్యం చెప్పేవారి పంజరంలో ఉన్నదైనా, మేనమామ ముద్దుగా తెచ్చి ఇచ్చినదైనా చట్టం ముందు ఒకటే.

నీళ్ల మూకుడు, చెట్లు

పిట్టలను పెరట్లోకి రప్పించడానికి గింజల కన్నా నీళ్లే ముఖ్యం, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ వరకు. వెడల్పాటి మట్టి మూకుడు చాలు. లోతు రెండు అంగుళాలకు మించకూడదు, మధ్యలో ఒక గరుకు రాయి పెట్టాలి, అప్పుడు చిన్న పిట్టలు కాలు జారకుండా నిలబడి తాగుతాయి, స్నానం చేస్తాయి. స్టీలు పళ్లెం ఎండకు కాలిపోతుంది, దానిని వాడవద్దు. మూకుడును నీడలో, అయితే పిల్లి దాక్కోవడానికి వీలున్న గుబురుకు కనీసం రెండు గజాల ఎడంగా పెట్టాలి. నీళ్లను రోజూ పారబోసి, పీచుతో రుద్ది కడిగి, కొత్త నీళ్లు నింపాలి. వారం పాటు వదిలేస్తే అందులో దోమలు పుడతాయి, పాచి పట్టిన నీళ్ల వల్ల పిట్టలకు జబ్బులు వస్తాయి.

గింజల విషయంలో నేను కాస్త పిసినారిని. కొర్రలు, సజ్జలు, నూకలు గుప్పెడు చాలు. గుడి మండపాల్లోనూ పాత ఇళ్ల వసారాల్లోనూ వరి కంకులను కుచ్చుగా అల్లి వేలాడదీయడం మన పెద్దలు చేసిన పనే, పిచ్చుకలకు దానికన్నా మంచి ఏర్పాటు లేదు. మిగిలిన అన్నం, మిక్చరు, ఉప్పు తగిలిన తిండి వేస్తే వచ్చేవి కాకులు, పావురాలు మాత్రమే, అవి చేరాక చిన్న పిట్టలు దూరమవుతాయి.

చోటు ఉంటే చెట్టు పెట్టడం అన్నిటికన్నా మేలు. కరివేపాకు చెట్టును కత్తిరించకుండా పెరగనిస్తే దాని నల్లని పండ్లకు కోకిలలు, పికిలిపిట్టలు పోటీ పడతాయి. మందారం, దానిమ్మ పూలకు తేనెపిట్టలు వస్తాయి. జామ, బొప్పాయి పండ్లలో చెట్టు చివరన ఉన్న రెండు మూడింటిని కోయకుండా వదిలేస్తే చాలు. సింగపూర్ చెర్రీ చెట్టు ఉన్న వీధిలో బొటనవేలంత పిట్టలు ‘చిక్ చిక్’ మంటూ రోజంతా తిరుగుతాయి. పురుగు మందు కొట్టిన పెరట్లో మాత్రం ఏ చెట్టున్నా లాభం లేదు. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పెట్టేది పురుగులనే.

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే అక్టోబరులో ఒక అతిథి గురించి సిద్ధంగా ఉండాలి. ఉత్తరాది నుంచి రాత్రిపూట ఎగురుతూ దక్షిణాదికి వలస వచ్చే పొన్నంగి పిట్ట, ఆకుపచ్చ వీపు, నీలం రెక్క మచ్చ, కంటి మీద నల్లని పట్టీ, తోక కింద ఎరుపు ఉన్న తోక పొట్టి పిట్ట, ప్రయాణంలో అలసిపోయి, అద్దాలకూ గోడలకూ కొట్టుకుని వరండాల్లో పడిపోతుంది. దొరికితే నోట్లో నీళ్లు పోయకండి, అన్నం పెట్టకండి. గాలి ఆడేందుకు రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, అందులో ఉంచి, మూత పెట్టి, పిల్లలకూ పిల్లులకూ దూరంగా చీకటి గదిలో వదిలేయాలి. చాలావరకు కొన్ని గంటల్లో తేరుకుంటుంది. పొద్దుగూకే వేళ చెట్ల దగ్గర పెట్టె మూత తీస్తే తానే వెళ్లిపోతుంది. రెక్క వేలాడుతుంటే అటవీ శాఖ వారికి అప్పగించాలి.

బైనాక్యులర్స్, నోటు పుస్తకం

చెరువుకు వెళ్లే ముందు బైనాక్యులర్స్ కావాలి. వాటి మీద 8×42 అని రాసి ఉంటే, మొదటి అంకె వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. కొత్తవారికి 8×42 సరైనది. నేను మొదట ఒక దుకాణంలో అమ్మే అతని మాట నమ్మి ఇరవై రెట్లు చూపించేది కొన్నాను. చేతి వణుకును కూడా అది ఇరవై రెట్లు చేసి చూపించింది, కొంగ ఉయ్యాల ఊగుతున్నట్టు కనిపించింది, పైగా లోపల అంతా మసక. ఆ డబ్బు పోయినట్టే. ఎన్ని రెట్లు పెరిగితే అంత తక్కువ చోటు కనిపిస్తుంది, కదిలే పిట్టను వెతికి పట్టుకోవడం అంత కష్టమవుతుంది.

కొన్న రోజునే దానిని మీ కళ్లకు సరిచేసుకోవాలి. కుడి అద్దాన్ని చేతితో మూసి, దూరంగా ఉన్న ఒక బోర్డు అక్షరాలు ఎడమ కంటికి స్పష్టంగా కనిపించే దాకా మధ్య చక్రం తిప్పండి. తరువాత ఎడమ అద్దాన్ని మూసి, మధ్య చక్రాన్ని కదిలించకుండా, కుడి కంటి గొట్టానికి ఉన్న చిన్న చక్రాన్ని మాత్రమే తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేసుకోండి. ఇక ఆ చిన్న చక్రం జోలికి పోనవసరం లేదు. కళ్లజోడు పెట్టుకునేవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పేసుకోవాలి. పిట్ట కనిపించినప్పుడు చూపును దాని మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కంటి దగ్గరికి ఎత్తాలి. ముందు బైనాక్యులర్స్ పెట్టుకుని తరువాత పిట్టను వెతికితే ఆకులు తప్ప ఏమీ దొరకవు.

నోటు పుస్తకంలో తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, చోటు, చెరువులో నీరు ఎంతవరకు ఉంది, ఏ పిట్టలు ఎన్ని అన్నవి అక్కడికక్కడే రాయాలి, ఇంటికి వచ్చాక రాస్తే ఊహ కలుస్తుంది. గుంపును లెక్కించడానికి ముందు పది పిట్టలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఆక్రమించిన చోటును కంటితో కొలిచి, అలాంటి చోట్లు గుంపులో ఎన్ని ఉన్నాయో చూస్తే అంకె సుమారుగా వస్తుంది. ఈబర్డ్ యాప్‌లో ఈ జాబితాలను నమోదు చేసుకోవచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా జరిగే పెరటి పక్షుల గణనకు కూడా 15 నిమిషాల జాబితా ఒకటి సరిపోతుంది. కూతను బట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఉపయోగకరమైనదే అయినా, అది చెప్పిన పేరును కంటితో చూసి నిర్ధారించుకోకుండా పుస్తకంలో రాయడం సరైన పని కాదు.

పిట్టల పేర్ల గురించి ఒక మాట. ఆంగ్ల పేర్లు నేర్చుకోవడం తప్పు కాదు, కానీ ఊళ్లో వాడే పేరును అడిగి రాసుకోవడం మరవకండి. అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు భావించిన కలివికోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గరి చిట్టడవిలో మళ్లీ దొరికింది, దానిని పట్టి తెచ్చినది ఐతన్న అనే స్థానికుడు. పుస్తకాల్లో లేకుండా పోయిన ఆ పిట్టకు ఊళ్లో పేరు మాత్రం మిగిలే ఉంది.

చెరువును లోతును బట్టి చదవాలి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువులకు కొదవ లేదు. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు, తిరుపతిని ఆనుకున్న అవిలాల, పేరూరు చెరువులు, చిత్తూరులో కట్టమంచి చెరువు, పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయం, చంద్రగిరి అవతల కల్యాణి డ్యాం ఉన్నాయి. ఇవి కాక ప్రతి ఊరికీ తన చెరువు ఉంది. ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. మీ ఇంటికి దగ్గరగా ఉండి నెలకు రెండుసార్లైనా పోగలిగిన చెరువే మంచిది. ఏడాదికి ఒకసారి చూసిన పెద్ద సరస్సు కన్నా ఇరవైసార్లు చూసిన చిన్న చెరువు ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే పక్షుల మార్పు నీటి మార్పును అనుసరించి జరుగుతుంది, దానిని చూడాలంటే మళ్లీ మళ్లీ వెళ్లాలి.

మన వైపు చెరువులు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానలకు నిండుతాయి. వలస పక్షులు రావడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలై, మార్చి, ఏప్రిల్ నాటికి తిరుగు ప్రయాణం అవుతాయి. మొరవ (నిండిన చెరువు నుంచి మిగులు నీరు పోయే దారి) పారుతున్న చెరువు కంటికి ఎంత నిండుగా ఉన్నా పక్షులు తక్కువగా ఉంటాయి, ఎందుకంటే నీరు కట్ట నుంచి తుమ్మ చెట్ల మొదళ్ల దాకా ఒకే లోతుగా ఉండి, కాళ్ల మీద నిలబడి మేసేవాటికి చోటు ఉండదు. అప్పుడు కనిపించేవి ఈదేవి, మునిగేవి మాత్రమే. నల్లని ఒంటి మీద నుదుట తెల్లని నామం పెట్టుకున్నట్టు ఉండే బొల్లికోడి, చూస్తుండగానే బుడుంగున మునిగి పది గజాల అవతల తేలే మునుగుడుకోడి, నీటికాకి ఇలాంటివి. నీటికాకి ఒడ్డున రాతి మీద రెక్కలు చాచి నిలబడితే అది ఎండ కాచుకుంటోందని అనుకుంటాం. నిజానికి దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని పూర్తిగా విదిలించలేవు, తడుస్తాయి. అలా తడవడం వల్లే అది సులువుగా మునగగలుగుతుంది, తడిసినందుకే ఆరబెట్టుకోవలసి వస్తుంది.

సంక్రాంతి దాటి నీరు వెనక్కి తగ్గడం మొదలయ్యాక చెరువు మెట్లు మెట్లుగా విడిపోతుంది. మోకాటి లోతులో ఎర్రకాళ్ల కొంగ, తెడ్డుమూతి కొంగ, పెద్ద తెల్లకొంగ, బూడిద రంగు పెద్ద కొంగ అయిన నారాయణపక్షి నిలబడతాయి. చీలమండ లోతులో గులాబీ రంగు పుల్లల్లాంటి పొడుగు కాళ్లతో నలుపు తెలుపు పిట్టలు గుంపులుగా తిరుగుతాయి. నీళ్లు అప్పుడే తీసిన బురదలో ఉల్లంకి జాతి చిన్న పిట్టలు ముక్కును కుట్టు మిషను సూదిలా పొడుస్తూ నడుస్తాయి. తేమ ఉన్న పచ్చికలో పశువుల కొంగలు, తోకాడించే పిట్టలు, ఎండిన నేలలో తీతువు. అంటే పక్షి కాలి పొడవు, ముక్కు పొడవు చూసి అది ఏ లోతులో నిలబడుతుందో ముందే చెప్పవచ్చు, అదే విధంగా నీటి అంచును చూసి అక్కడ ఏ పక్షి ఉండాలో ఊహించి వెతకవచ్చు. తీతువు మనుషులను దూరం నుంచే చూసి ఊరంతా వినబడేలా అరుస్తుంది. అది పదేపదే మీ తల మీదుగా ఎగిరి అరుస్తుంటే నేల మీద దాని గుడ్లు ఉన్నాయని అర్థం. అవి గులకరాళ్లలో గులకరాళ్లలా కలిసిపోతాయి కాబట్టి, అక్కడే ఆగి, వచ్చిన దారినే వెనక్కి నడవాలి.

తెల్లకొంగలన్నీ ఒకటే అనుకోవడం కొత్తవారి మొదటి పొరపాటు. పొట్టి పసుపు ముక్కుతో, పశువుల మధ్య తిరుగుతూ ఉంటే పశువుల కొంగ. వేసవిలో దాని తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలు మాత్రం పసుపు మేజోళ్లు తొడిగినట్టు ఉంటే చిన్న తెల్లకొంగ. అది ఎగిరేటప్పుడు పాదాలు చూడండి, ఇక పొరబడరు. మెడను గంటె కాడలా వంచి, నారాయణపక్షి అంత ఎత్తుగా నిలబడి, నోటి చీలిక గీత కన్ను దాటి వెనక్కి పోయినట్టు ఉంటే పెద్ద తెల్లకొంగ. ఈ రెండింటికీ మధ్య పరిమాణంలో, ఆ గీత కంటి దగ్గరే ఆగిపోతే మధ్యరకం. ఇక మట్టి రంగులో బురద గట్టు మీద ముడుచుకుని కూర్చుని, మనం కాలు వేయబోయే క్షణంలో ఒక్కసారి తెల్లని రెక్కలు విప్పుకుని లేచేది గుడ్డికొంగ. కూర్చున్నప్పుడు మట్టిగడ్డ, లేచినప్పుడు తెల్ల రుమాలు.

గుర్తుపట్టడం పూర్తయ్యాక కూడా అక్కడి నుంచి కదలకండి, అసలు విషయం అప్పుడే మొదలవుతుంది. ఎర్రకాళ్ల కొంగ మేత మేసే తీరు అరగంట చూడదగినది. అది చేపను కంటితో వెతకదు. ముక్కును కాస్త తెరిచి నీళ్లలో సగం ముంచి, తల అటూ ఇటూ ఊపుతూ, ఒక కాలితో అడుగును కెలుకుతూ, అప్పుడప్పుడు ఒక రెక్కను చటుక్కున విప్పుతూ నడుస్తుంది. బెదిరిన చేప ముక్కుకు తగిలిన మరుక్షణం ముక్కు మూసుకుంటుంది. అందుకే బురద నీళ్లలో కూడా దానికి ఇబ్బంది లేదు. పక్కనే నత్తలు తినే కొంగ ఉంటే దాని ముక్కు మధ్యలో వెలుతురు కనిపించేంత సందు చూడండి. ఆ సందు పుట్టుకతో రాదు, పిల్లలకు ముక్కు మామూలుగానే ఉంటుంది.

వెలుతురు సంగతి నాకు చెప్పినది ఒక గొర్రెల కాపరి. పొద్దున్నే పడమటి గట్టు మీద నిలబడి, సూర్యుడు కళ్లలో పడుతుంటే, నల్లని మచ్చల్లా కనిపిస్తున్న బాతులను చూసి తంటాలు పడుతున్న నన్ను చూసి, ‘ఈ తట్టు నుంచి ఏం కనపడతాయి సామీ, ఎండ మొగాన కొడతా ఉంది, ఆ తట్టుకు పోండి’ అన్నాడు. పొద్దున తూర్పు గట్టున, సాయంత్రం పడమటి గట్టున, సూర్యుడు మన వీపు వెనక ఉండేలా నిలబడాలి. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే వరకు మంచి సమయం. ఖాకీ, మట్టి, ముదురు ఆకుపచ్చ రంగు బట్టలు వేసుకోవాలి. కట్ట మీద నిటారుగా నిలబడితే ఆకాశం ముందు మనిషి ఆకారం స్పష్టంగా కనిపించి పక్షులు లేచిపోతాయి కాబట్టి, తూము గోడ పక్కనో చెట్టు మొదట్లోనో కూర్చోవడం మేలు. కంపల్లో పాములుంటాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి దానిని దగ్గరికి రప్పించవద్దు. పరాయి పిట్ట తన చోటుకు వచ్చిందని భ్రమపడి అది మేత మాని, గూడు వదిలి తిరుగుతుంది.

తిరుమల కొండ మీద వేరే లోకం ఉంది, దానికి ఇక్కడ చోటు చాలదు. 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలోనూ, తలకోన వైపు రాతి వాలుల్లోనూ పసుపు గొంతు పికిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప అది ప్రపంచంలో మరెక్కడా లేదు. నడక దారుల్లో చిరుతల సంచారం ఉన్నందున, అనుమతించిన వేళల్లో, గుంపుగా మాత్రమే వెళ్లాలి. పక్షి కోసం మెట్ల దారి వదిలి పక్కకు దిగకూడదు.

నేలపట్టు, పులికాట్

ఇప్పుడు నేలపట్టుకు వెళ్లవచ్చు. 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళితే సూళ్లూరుపేటకు ముందే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు వస్తుంది. చెరువు నీళ్లలోనే పెరిగిన చెట్ల మీద గూడబాతులు, నత్తలు తినే కొంగలు, రాత్రి కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు (ఐబిస్‌లు) ఒకే చోట గూళ్లు కడతాయి. గూడబాతు ముక్కు కింద వేలాడే సంచి, పొలానికి నీళ్లు తోడే గూడలా ఉంటుంది, పిల్లలు తల మొత్తం అందులోకి దూర్చి మేత అందుకుంటాయి. అది చూడాలంటే పిల్లలు పెరిగిన జనవరి, ఫిబ్రవరిలో వెళ్లాలి. చుట్టుపక్కల రైతులు ఈ పక్షులను తరమరు, రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు ఎరువని వారికి తెలుసు. ఉత్సవం పేరిట జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జనం ఎక్కువ. మైకులు కూడా ఎక్కువే. నింపాదిగా చూడాలనుకునేవారు వేరే వారంలో, పనిరోజున వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. గట్టు మీద నుంచి, వీక్షణ గోపురం మీద నుంచి కనిపించినంతే చూడాలి. పిల్లలున్న గూళ్ల దగ్గరికి మనిషి వెళితే పెద్ద పక్షులు లేచిపోతాయి, ఆ నిమిషాల్లో కాకులు, గద్దలు పిల్లలను ఎత్తుకుపోతాయి.

పులికాట్ చిల్కా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది కాబట్టి రోడ్డు అంచు నుంచే చూడవచ్చు. వాహనాలు వేగంగా వస్తాయి, బండిని పూర్తిగా పక్కకు దింపి ఆపాలి. అంతరిక్ష కేంద్రం ఆంక్షలున్న చోట ఫోటోలు తీయకూడదు. ఫ్లెమింగోలు రోడ్డుకు దగ్గరగా వస్తాయా, అవతల సన్నని గులాబీ గీతలా మిగిలిపోతాయా అన్నది ఆ ఏటి నీటి లోతు మీద ఉంటుంది. అవి మెడ కిందికి దించి, తలను తలకిందులుగా పెట్టి, ముక్కులోని జల్లెడతో నీటిని వడగట్టి మేస్తాయి. గుంపులో బూడిద రంగువి కనిపిస్తే అవి వేరే జాతి కావు, రంగు ఇంకా పట్టని పిల్లలు. వాటిని విడిగా లెక్కపెట్టి రాసుకోండి.